మీ అబ్బాయి నోరు విప్పారు

అత్తయ్యగారూ,

మీరు పోయి నేటికి ఏడాది.

డెబ్బై తొమ్మిదిలో నా రెండో బిడ్డ కూడా పురిట్లోనే పోయాక, నేను మాటా పలుకూ మానేశాను. దెయ్యం పట్టిందన్నారు అందరూ. మీరు మాత్రం నన్ను విశాఖ బస్సెక్కించారు. నర్సీపట్నం బస్టాండులో ఎక్కడికని ఎవరో అడిగితే మీరు గొంతు తగ్గించలేదు.

"మా కోడలికి మనసు బాగోలేదండీ. డాక్టరుగారికి సూపిత్తాను. జొరమొత్తే ఎల్లమేటి?"

అంత ధైర్యం నేనెవరిలోనూ చూడలేదు. ఆర్నెల్లు మందులు వాడి మళ్ళీ బడిలో పాఠాలు చెప్పాను.

అప్పుడు పరువు పోతుందని మనతో రాని మీ అబ్బాయి, ఈ ఉదయం మీ సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మ పోయిన కాణ్ణించి నిద్రట్టట్లేదు. నన్నూ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెల్తావేటి?"

ఇప్పుడు బస్సులో ఉన్నాం. ఆయన నా భుజమ్మీద తల వాల్చారు. కుదుపులకి అక్షరాలు వంకరపోతున్నాయి, ఏమీ అనుకోకండి.