చేవెళ్ల రోడ్డు మీద రెండు గంటలు

బాచుపల్లి,
21 సెప్టెంబరు 2011

ఆకాష్‌కు,

'ప్రియమైన' అని రాయబోయి ఆగాను. రాయాలనిపించలేదు.

నేను అన్నయ్య ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఫోన్ చేయొద్దు. చేసిన ప్రతిసారీ ఇద్దరం అరుచుకుంటాం, వర్షిత ఉలిక్కిపడి లేస్తుంది. చెప్పాల్సింది ఉంటే ఉత్తరం రాయి. మీ సమ్మె పోస్టాఫీసును ఇంకా ముట్టుకోలేదట.

ఆదివారం జరిగింది మీ అమ్మకు వేరేలా చెప్పావని తెలిసింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పాపకు ఏడు నెలలు నిండాయి, ఇంతవరకు దాన్ని ఎక్కడికీ తిప్పలేదని అనంతగిరి కొండలకు బయల్దేరాం. మా అన్నయ్య కిరణ్ పాల్ తన కారిచ్చాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తాం కదా అని ఒక్క సీసా పాలే కలిపి తెచ్చాను, పొడి డబ్బా ఇంట్లోనే ఉంది. చేవెళ్ల దాటాక సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నువ్వు గట్టిగా బ్రేకు వేశావు. సీసా పడి మూత ఊడిపోయింది, పాలన్నీ నా కాళ్ల దగ్గర ఒలికిపోయాయి.

వాళ్లు కారు నంబరు చూశారు. కృష్ణా జిల్లాది. "ఏడికెల్లి వస్తున్నరు? దిగుండ్రి" అన్నారు. రెండు నిమిషాల్లో వస్తానని నువ్వు దిగావు. రెండు గంటలు పట్టింది. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. వాళ్ల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, విస్తరిలో వడ్డించింది తిన్నావు. కారులో నీ కూతురు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది.

మూడేళ్ల కిందట కొత్తగూడలో మీ ఇంటి మేడ మీద గది కిరాయికి తీసుకున్న నర్సాపురం పిల్లను నేను. మీ రాష్ట్రం మీరు తెచ్చుకోండి, నేనేనాడూ కాదనలేదు. కానీ ఆ రోజు నువ్వు ఎవరి పక్కన కూర్చున్నావో చూశాను.

బంద్‌ల వల్ల పని ఆగిపోతోందని మా కంపెనీ కొందరిని చెన్నై పంపుతోంది. నా పేరు ఇచ్చాను.

వర్షిత తల్లి,
ఎవాంజెలిన్

* * *

కొత్తగూడ,
25 సెప్టెంబరు 2011

ఎవాకు,

నువ్వు రాయకుండా ఆగిన మాట నేనూ రాయను.

జరిగింది జరిగినట్టు రాస్తానన్నావు. సగం వదిలేశావు. మీ అన్న కారు వద్దు, మా నాన్న స్నేహితుడి బండి అడుగుతానన్నాను. "ఏసీ లేని బండిలో పాపను తేను" అన్నావు. అది వదిలేశావు. కారు ఆపగానే నేను దిగక ముందే అద్దం దించి నువ్వన్న మాట కూడా వదిలేశావు. "పనీపాటా లేని జనం, రోడ్డుకు అడ్డంపడి తింటున్నారు." పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు కత్తిపీట ఆపి నీ వైపు చూశారు. ఆ మాట పడ్డాక బండి రెండు నిమిషాల్లో ఎలా కదులుతుంది?

నేను సమ్మెలో ఉన్న పంతులును. ఈ నెల జీతం లేదు, వచ్చే నెలా ఉండదు. ఆ గుంపులో నా తోటి టీచర్లు ఇద్దరున్నారు. "సార్, మీ ఇంటామె గిట్ల మాట్లాడుతది, మీరేమో శిబిరంల కూసుంటరు" అన్నారు. నేనేం జవాబు చెప్పాలి? కూర్చున్నాను. తినమంటే తిన్నాను. తినకపోతే నీ మాటను నేనూ ఒప్పుకున్నట్టే.

పాల కోసం ఊళ్లోకి మనిషిని పంపాను. దుకాణాలన్నీ బంద్. మూడుసార్లు కారు దగ్గరకు వచ్చాను. రెండుసార్లు నువ్వు తలుపు తీయలేదు. మూడోసారి పాప నిద్రపోతోంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందని చెప్పావు. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు. నువ్వు నన్ను తిట్టాల్సిన పని లేదు, ఆ పని రోజూ నేనే చేసుకుంటున్నాను.

కానీ ఒకటి విను. మీ కంపెనీ కారు పార్కింగు ఉన్న చోట మా నాన్న జొన్న వేసేవాడు. అక్కడికి రోజూ వెళ్లి కూర్చుని, మమ్మల్ని పనీపాటా లేని జనం అనకు.

పాప చెన్నై పోదు. అవసరమైతే వకీలును కలుస్తాను.

ఆకాష్

* * *

బాచుపల్లి,
1 అక్టోబరు 2011

ఆకాష్ గారికి,

వకీలు మాట ముందు నువ్వే ఎత్తావు. గుర్తుపెట్టుకో.

అన్నయ్య పోలీసులకు ఫిర్యాదు రాశాడు, నేను సంతకం పెట్టాను. కారు ఆపి, పసిబిడ్డకు రెండు గంటలు పాలు కూడా అందనివ్వలేదని ఉంది అందులో. ముందు నిలబడి అరిచిన నలుగురి పేర్లు అన్నయ్య ఆ ఊళ్లో కనుక్కుని రాశాడు. నీ పేరు రాయనివ్వలేదు. దానికి నాకు దండం పెట్టక్కర్లేదు.

మా ఆఫీసులో ఈ సంగతి అందరికీ తెలిసింది. క్యాంటీన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి పాప ఎలా ఉందని అడుగుతున్నారు. మీవైపు వాళ్లు నేను కూర్చున్న బల్ల దగ్గరకు రావడం మానేశారు.

ఇరవై రెండున చెన్నై ప్రయాణం. మీ అమ్మానాన్న మనవరాలిని చూడాలని అడిగారని విన్నాను. ఎనిమిదో తేదీ శనివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తీసుకెళ్లొచ్చు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ వరకే. ఆ హద్దు దాటి ఎక్కడికీ వద్దు. పాలపొడి డబ్బా, మూడు సీసాలు, ఫ్లాస్కు సంచిలో పెడతాను. ఈసారి ఒలకబోయకు.

ఎవాంజెలిన్

* * *

కొత్తగూడ,
9 అక్టోబరు 2011

ఎవాకు,

నిన్న పాపను సరిగ్గా ఐదింటికి అప్పజెప్పాను. గుమ్మంలో మీ అన్న గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. నువ్వు బయటికి రాలేదు. అందుకే ఇది రాయాల్సి వస్తోంది.

గార్డెన్‌లో పాప బాగా ఆడింది. అమ్మ గడ్డి మీద దుప్పటి పరిస్తే, పాకుతూ పోయి గడ్డి పీకి నోట్లో పెట్టుకుంది. నాన్న కొమ్మ మీద పిట్టను చూపిస్తే అది పిట్టను చూడకుండా ఆయన వేలినే చూసింది. "గీ పిల్లను మల్ల ఎప్పుడు సూపిస్తరు రా?" అని అమ్మ అడిగింది.

మూడు గంటలకు ఇంటికొచ్చేసరికి మా అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది, ఒళ్లో చంటివాడు. పేరు సరోజమ్మ. పాతికేళ్లుంటాయి. మీ ఫిర్యాదులో మొదటి పేరు ఓదెలుది కదా, అతని భార్య. బస్సుల్లేవు కనుక చేవెళ్ల దగ్గర జీపెక్కి, మెహిదీపట్నంలో ఆటో మారి, టీచర్ల శిబిరంలో నా ఇల్లు అడిగి తెలుసుకుని వచ్చింది.

ఓదెలు ట్రాక్టరు డ్రైవరు. వారంగా రోజూ స్టేషన్‌కు పిలిచి చీకటి పడేదాకా కూర్చోబెడుతున్నారట. ట్రాక్టరు యజమాని వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. రేపో మాపో రిమాండు అంటున్నారట.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అమ్మ చంకలో ఉన్న వర్షితను చూసి, "సార్, అప్పుడు పాపకు ముక్కు కారుతుండె. సల్వ జేసినట్టుండె. తగ్గిందా?" అంది.

తగ్గిందని చెప్పాను. తర్వాత ఆలోచిస్తే నాకు అర్థం కాలేదు. అద్దాలు మూసిన కారులో, నీ ఒళ్లో ఉన్న పాపకు జలుబు చేసిందని ఆమెకెట్లా తెలుసు?

అదే అడిగాను. ఆమె తలొంచుకుంది. "ఆమె ఇంట్ల లేదా? ఆమెతోని మాట్లాడదామని వచ్చిన" అంది. నువ్వు లేవని, ఏదున్నా నాతో చెప్పమని అన్నాను. "నేను జెప్తే మంచిగుండదు సార్. ఆమెనే అడుగుండ్రి" అంది. అమ్మ అన్నం పెడితే తిన్నది. వెళ్లేటప్పుడు వర్షిత పాదం ఒకసారి పట్టుకుని వదిలేసింది.

మీ ఇద్దరి మధ్య నాకు తెలియనిదేదో ఉంది. నువ్వు చెన్నై పో, కోర్టుకు పో. పోయేముందు ఆ రెండు గంటల్లో నేను చూడనిది ఏం జరిగిందో రాయి. అక్కడ ఒక మనిషి పని పోయింది.

ఆకాష్

* * *

బాచుపల్లి,
14 అక్టోబరు 2011

ఆకాష్,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటిరోజు చింపేద్దామనుకున్నాను. రెండోరోజు అబద్ధం రాద్దామనుకున్నాను. నిన్న స్టేషన్‌కు వెళ్లాను. అదంతా అయ్యాకే ఇది రాస్తున్నాను.

పాప రెండు గంటలు ఆకలితో లేదు. ముప్పావు గంట ఏడ్చింది. నువ్వు రెండోసారి వచ్చి వెళ్లిన కాసేపటికి ఎవరో అద్దం మీద వేళ్లతో కొట్టారు. తీయలేదు. మళ్లీ కొట్టారు. పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతూ నా మాట విన్న ఆడవాళ్లలో ఒకామె. చేతులు పసుపుపచ్చగా ఉన్నాయి. తలుపు తీస్తే, "అక్కా, పాపనిటియ్యి జర. నాకు చంటోడున్నడు, పాలున్నయి" అంది.

నేను ఇచ్చాను. తిట్టాలనీ, వద్దనాలనీ కూడా తోచలేదు. అంత భయపడిపోయి ఉన్నాను. ఆమె నా పక్క సీట్లో కూర్చుని, కొంగు కప్పుకుని పాపకు పాలిచ్చింది. దాని ముక్కు కారుతుంటే కొంగుతోనే తుడిచింది. రెండు నిమిషాల్లో ఏడుపు ఆగింది. అది మింగుతున్న చప్పుడు నాకు వినిపించింది. ఆకాష్, ఆ చప్పుడు విని మూడు నెలలు దాటింది. ఎనభై నాలుగు రోజుల కాన్పు సెలవు అయిపోయి ఆఫీసుకు పోతే, ఆరో అంతస్తు బాత్‌రూమ్‌లో తలుపు గడియ పెట్టుకుని పాలు పిండి వాష్‌బేసిన్‌లో పారబోసేదాన్ని. నెల తిరిగేసరికి ఇంకిపోయాయి. అప్పటినుంచి పాప నా రొమ్ము దగ్గరకు తీసుకుంటే ముఖం తిప్పుకుంటుంది. ఆ రోజు ఆమె ఒళ్లో పిడికిలి విప్పేసి నిద్రపోయింది.

తర్వాత నేను చేసింది రాయాలి. ఆమె పాపను తిరిగి ఇచ్చింది. నేను సంచిలోంచి తడి కాగితం తీసి, ఆమె చూస్తుండగానే పాప నోరు తుడిచాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంకో కాగితం తీసి పెదాల లోపల కూడా తుడిచాను. ఆమె చూసింది. కొంగు సర్దుకుని దిగిపోయింది.

మా అమ్మమ్మ నర్సాపురంలో పెద్దిళ్లవాళ్లు అంటకుండా దూరం నుంచి పోస్తే దోసిలి పట్టి నీళ్లు తాగిన మనిషి. ఆ కథలు వింటూ పెరిగినదాన్ని నేను.

నువ్వు మూడోసారి వచ్చినప్పుడు నిజం చెబితే తుడిచిన సంగతి కూడా చెప్పాల్సి వచ్చేది. సొమ్మసిల్లిందన్నాను. అదే మాట అన్నయ్యకు చెప్పాను, ఆఫీసులో చెప్పాను, చివరికి సంతకం కూడా పెట్టాను. ఫిర్యాదులో ఉన్న ఓదెలు ఆమె భర్త అని నాకు తెలియదు. తెలిస్తే పెట్టేదాన్ని కాదని మాత్రం చెప్పలేను.

నిన్న స్టేషన్‌లో అన్నయ్య నా పక్కన కూర్చోలేదు. పాపకు ఆ ఊరి మనిషే పాలిచ్చిందని, నలుగురిలో ఎవరూ మమ్మల్ని ముట్టుకోలేదని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని నా చేత్తో రాసిచ్చాను. ఎస్సై చదివి, "చదువుకున్నోళ్లు ఇట్లా చేస్తే ఎట్లమ్మా" అన్నాడు. ఓదెలును, మిగతా ముగ్గురిని పంపేశారు. అన్నయ్య ఇంటికొచ్చి నన్ను చూడకుండా వదినతో, "మన పరువు వాళ్ల కాళ్ల దగ్గర పెట్టొచ్చింది" అన్నాడు.

సరోజమ్మ బయట వేపచెట్టు కింద ఉంది. దగ్గరకు వెళ్లాను. "నేను ఆ రోజు తుడిచాను" అన్నాను.

"సూసిన" అంది.

"తప్పు చేశాను."

ఆమె చంటివాణ్ని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "పోరి ఏడుస్తుంటే ఆగలేక వచ్చిన అక్కా. నీ కోసం రాలే. నువ్వు మమ్ముల అన్న మాట గూడ నేను మర్వలే." వాడి వీపు నిమురుతూ అంది, "నాకేం చెప్పకు. నీ బిడ్డకు చెప్పు, పెద్దగైనంక. ఎవల పాలు తాగిందో ఎర్కుండాలె."

ఓదెలు వచ్చాడు. నా వైపు చూడలేదు. ఇద్దరూ రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయారు.

నీ మీద కోపం పోయిందని అనుకోకు. నువ్వు విస్తరి ముందు కూర్చున్నది నిజం, నేను కారులో ఒక్కదాన్నే ఉన్నది నిజం. దాని గురించి మనం పోట్లాడుకోవాలి. ఎదురెదురుగా కూర్చుని, పాప మెలకువగా ఉన్నప్పుడే. చెన్నైకి రానని ఈ పొద్దున మేనేజరుకు చెప్పాను. ఎందుకని అడిగితే ఇంట్లో పని ఉందన్నాను.

ఇరవై మూడున, ఆదివారం పొద్దున రా. అత్తమ్మనూ మామయ్యనూ వెంట తీసుకురా. అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఉంటాడు, ఏదో ఒకటి అంటాడు. నువ్వు తిరిగి ఒక్క మాట అనకు. నేను అంటాను.

ఈ ఉత్తరం మాత్రం పారేయకు. మన పెళ్లి కాగితాలున్న పెట్టెలో పెట్టు. వర్షితకు చదవడం వచ్చాక మనమిద్దరం పక్కన కూర్చుని దానిచేత చదివిద్దాం. అప్పటికి మనమిద్దరం ఒకే ఇంట్లో ఉంటే.

ఎవా