తోట టీచరమ్మ తప్పు లేదు

హెడ్మాస్టరు గారికి,

పోయిన వారం మీ బడి తోటలో తేనెటీగ కుట్టి చనిపోయిన మూడో తరగతి పాప తల్లిని. తోట టీచరమ్మను పనిలోంచి తీసేస్తున్నారని తెలిసింది. ఆవిడ తప్పేమీ లేదండి.

పాపకు తేనెటీగ కుడితే ప్రాణం మీదకు వస్తుందని డాక్టరు ముందే చెప్పారు. తోటపనికి ముందు పిల్లల ఆరోగ్య ఇబ్బందులు రాయమని మీరు పంపిన కాగితంలో అది రాయబోతుంటే పాప నా చెయ్యి పట్టుకుంది.

“వద్దమ్మా! రాశావంటే నన్ను క్లాసులోనే కూర్చోబెడతారు. నా బెండమొక్కకి నీళ్లెవరు పోస్తారు?” అంది.

దాని మొహం చూసి కాదనలేక, ‘ఇబ్బందులేమీ లేవు’ అని రాసి సంతకం పెట్టాను.

మావారికి ఈ సంగతి తెలియదు. ఆయన టీచరమ్మకు శాపనార్థాలు పెడుతుంటే పక్కనే కూర్చుని వింటున్నాను. రేపు ఫిర్యాదు పట్టుకుని మీ దగ్గరికి వస్తారు. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వండి. నా నోటితో చెప్పలేకపోతున్నాను.