నాయిన చూసిన పన్ను

మంగళవారం, మద్దేడ్

నిద్ర పట్టడం లేదు. రేపు తనిఖీకి సాహెబ్ వస్తారు. నా గెస్ట్ టీచర్ ఉద్యోగం పొడిగించేదీ లేనిదీ ఆయన చేతిలోనే ఉంది. తరగతి గోడ మీద పిల్లలు గీసిన చార్టులో తప్పుంది. అది నేను చెప్పిన తప్పే.

ఇంద్రావతి అవతల, సిరొంచ వైపు దొరికిన పెద్ద డైనోసార్ గురించి చెబుతూ, ఆకులు తినేదే కదా, ఆవులా నెమరేసేది అనేశాను. దాని తల దొరకలేదు, విడి పళ్లే దొరికాయి.

సాయంత్రం పుస్తకంలో ఆ పన్ను బొమ్మ నాయిన చూశాడు. ఆయనకు చదువు రాదు. కానీ సంతలో ఎవరు ఎద్దును కొన్నా ఆయన్నే పిలిచి, వయసు చెప్పమని పళ్లు చూపిస్తారు.

"ఇది నెమరేసుడేంది బిడ్డా? నమిలే పన్నైతే పైన సాపుగ అరుగుతది. ఇది గంటె లెక్కున్నది. ఆకు దూసుడు, మింగుడు, గంతే."

పుస్తకంలో ఆ పాఠం చివరి పేరాలో అదే ఉంది: నమలదు, అరిగించే పనంతా పొట్టదే. నేను అక్కడిదాకా చదవలేదు.

ఉక్రోషంతో, "అయితే రేపు నువ్వే వచ్చి చెప్పు" అన్నాను.

"మీ సాహెబ్ పళ్లు గూడ సూడాల్నా?" అని నవ్వాడు.

నాయిన ఏం చేస్తాడని బడిలో ఎవరడిగినా 'వ్యవసాయం' అని దాటేశాను. ఊరి పశువులు మేపుతాడని ఎప్పుడూ చెప్పలేదు. చార్టు అలాగే వదిలేస్తే సాహెబ్‌కి తెలియదు. పిల్లలు మాత్రం అదే నిజమనుకుంటారు...

ఇప్పుడే మంచినీళ్లకు లేచాను. దండెం మీద నాయిన తెల్లచొక్కా ఆరేసి ఉంది, ఇంకా నీళ్లు కారుతున్నాయి. నేను కోపంలో రమ్మన్నాను. ఆయన చొక్కా ఉతుక్కున్నాడు.