మార్తమ్మ ఉప్పు డబ్బా

అత్తయ్యా,

మీరు ప్రభువునందు నిద్రించి నేటికి ఏడాది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో మన చర్చి ముందు, రోడ్డు మీదే తెలంగాణ కోసం వంటావార్పు పెట్టారు. లోపలేమో, విశ్వాసులు లోకానికి ఉప్పులా ఉండాలని పాస్టరుగారి ప్రసంగం. అంతలో వండుతున్న ఒకామె గేటు దగ్గరకొచ్చి, "జర ఉప్పుంటే ఇయ్యున్రి" అంది.

మన సంఘపెద్ద "మనకెందుకొచ్చిన గొడవ" అంటూ గేటుకి తాళం వేసేశాడు! నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ప్రేమవిందులకి మీరు వాడిన స్టీలు ఉప్పు డబ్బా చర్చి వంటగదిలోంచి తెచ్చి, గోడ మీంచి అందించాను. నా కూరల్లో ఉప్పు లేదని రోజూ సాధించేవారుగా!

ఆమె, డబ్బా మీద చెక్కిన మీ పేరు చదివి, నావైపు చూసి, "సల్లగుండు మార్తమ్మా" అంది.

నేను కాదనలేదత్తయ్యా.