‘ఏటిది’ అని అడగకూడదు

1932 ఆగస్టు 3

మళ్ళీ వాన. పలక చూడగానే గోపీ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. అన్నయ్య కొడుకు, ఐదేళ్ళు నిండినవాడు. బలపం పట్టే తీరు బాగోలేదని వీధిబడి పంతులు వేళ్ళ కణుపుల మీద కొట్టిన నాటి నుంచి ఇదే వరస. బలపమే కాదు, అన్నం ముద్ద కూడా వదినే కలిపి నోట్లో పెట్టాలి.

అన్నయ్య తేల్చేశాడు — దసరాకి వాణ్ణి విజయనగరం పంపడమే, వదిన పుట్టింటికి. అక్కడి పంతులు ఇంకా గట్టివాడట. “దారికొస్తాడు.”

దసరా దాకా గడువు అడిగాను.

“నువ్వేం చేస్తావు?”

“చూస్తాను.”

మద్రాసులో నాలుగేళ్ళు చదివి వచ్చిన బి.ఏ. నోట ఇంతకన్న జవాబు రాలేదు.

ఆగస్టు 4

ఉద్యోగం ఉత్తరువు ఇవాళా లేదు. తపాలా మనిషి మా గుమ్మం వైపు చూడకుండానే పోయాడు. పోనీ. చేతిలో పని ఉంది.

ఆగస్టు 6

వీధి అరుగు మీద పాత గోనె పరిచాను. ఒక మూకుడులో తడిపిన ఎర్రమట్టి, ఒకదాంట్లో జారుగా కలిపిన బియ్యప్పిండి. పసుపు. బొగ్గు. సున్నం పెట్టలేదు, చేతులు పొక్కుతాయి. వేపపుల్లల చివరలు నమిలి కుంచెలు చేశాను — ఇంకా నోరంతా చేదు.

చిట్టి మోచేతుల దాకా దిగిపోయింది. మూడేళ్ళదానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళన్న గోపీ స్తంభం వెనకాల. చేతులు చంకల్లోనే.

అమ్మ గుమ్మంలో నిలబడి: “బియ్యే చదివి పిల్లలచేత బురద పిసికిస్తున్నావేటే అమ్మీ? ఆ పాటి చదువు మన గేదెకీ వచ్చు.”

ఆగస్టు 9

నియమం పెట్టాను. పిల్లలు గీసినదాన్ని చూసి ‘ఏటిది’ అని ఎవరూ అడగకూడదు. బాగుందనీ బాగోలేదనీ అనకూడదు. వదిన ఒప్పుకుంది. పనికి వచ్చే పైడమ్మ — “నానడగను గానమ్మా, తుడిసీది మాత్రం నానే కదా!”

అమ్మ ఒప్పుకోలేదు. సాయంత్రం చిట్టి ముందు కూర్చుని, “కాకా? కుక్కా? ఏటే ఇది?”

చిట్టి ఆలోచించి — “తడి.”

ఆగస్టు 15

గోపీ ఒక వేలు పెట్టాడు. పిండిలో. వెంటనే తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. నేను చూడనట్టు బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను.

ఆగస్టు 21

పెరట్లో బచ్చలిపండ్లు. చిదిమితే ఎంత ఊదా! గోపీ ఒకటి చిదిమాడు, తరవాత గుప్పెడు. అరచేయి గోనె మీద వేసి ఎత్తి చూశాడు. మళ్ళీ వేశాడు. పదిహేను చేతులు. నవ్వాడు — వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఏడుస్తున్నాడనుకుని.

ఆగస్టు 24

తప్పు నాదే. రాసుకోవాలి.

గోపీ బొగ్గు పట్టుకుని ఏవో సున్నాలు చుడుతున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. “చిలకని గీద్దామా?” చెయ్యి పట్టుకుని గీయించాను — ముక్కు, తోక, రెక్క. బాగా వచ్చింది. అదే అసలు చిక్కు. వాడంతట వాడు ఇంకొకటి గీశాడు. నా చిలకనీ దాన్నీ మార్చి మార్చి చూశాడు. అరచేత్తో తనది చెరిపేశాడు.

“అత్తదే చిలక” అన్నాడు. చేతులు చంకల్లోకి పోయాయి.

పంతులు బెత్తంతో చేసింది నేను ముద్దు చేస్తూ చేశాను.

సెప్టెంబరు 5

పన్నెండు రోజులు. అరుగు మీదికే రాడు. అన్నయ్య నందపురం కేంపుకి వెళ్తూ, “ఇంకా చూస్తున్నావా?” అని అడిగి పోయాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అది మరీ బాధ.

చూస్తున్నాను.

సెప్టెంబరు 11

దసరా వస్తోందని పైడమ్మ వీధి గోడ అలికింది. ఎర్రమట్టి, పేడ కలిపి, భుజం తిప్పి తిప్పి — ఒక్కొక్క వాటు నాలుగు మూరలు. గోపీ గడప మీద కూర్చుని కన్నార్పకుండా చూశాడు. అప్పుడు తట్టింది నాకు. వాణ్ణి కొట్టింది వేళ్ళ మీద. భుజం జోలికి ఎవరూ పోలేదు.

గోనె తీసేశాను. పిండి మూకుడు గోడ కింద పెట్టి లోపలికి వచ్చేశాను. కిటికీ దగ్గర నిలబడనని ఒట్టు పెట్టుకున్నాను. నిలబడ్డాను.

చిట్టి ముందు. వెనక గోపీ. చెయ్యి ముంచి, భుజం తిప్పి, ఒకే ఒక్క వాటు — తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరకి.

సెప్టెంబరు 17

గోడ నిండుతోంది. గళ్ళు, గళ్ళలో మనుషులో పక్షులో, చేతులెత్తినవి, వరసగా. నేను అడగను. ఇవాళ మధ్యాహ్నం అన్నం తనే కలుపుకున్నాడు. పిండి ఎండిన గోళ్ళతోనే. అమ్మ చూసి, “చేతులు కడుక్కోడేటే!” అంది గాని నెయ్యి ఎక్కువే వేసింది.

సెప్టెంబరు 20

ఇవాళ జరిగింది ఎలా రాయను...

రామనగుడ వైపు నుంచి కచేరీకి వచ్చిన సవర ముసలాయన గోడ ముందు ఆగిపోయాడు. గొడుగు మూసి, చాలాసేపు. తరవాత ఏదో అడిగాడు. పైడమ్మకి ఆ మాట కొంచెం వచ్చు.

“ఎవులికి బాగోనేదమ్మా ఇంటికాడ, అని అడుగుతన్నాడు.”

“అందరికీ బాగానే ఉంది.”

“ఆళ్ళ కాడ ఎవులికైనా జొరమొత్తే సచ్చిపోయినోళ్ళకి గోడ మీద ఇల్లు గీత్తారంట. ఆళ్ళొచ్చి కూకోడానికి. ఇది అదే అనుకున్నాడు.”

పిల్లలు ఆడుకున్నారని చెప్పించాను. ఆయన తల ఊపాడు, నమ్మినట్టు లేదు. గోడకి దణ్ణం పెట్టి వెళ్ళాడు. గుమ్మం వెనక అమ్మ అంతా వింది.

సెప్టెంబరు 21

తెల్లవారగానే పేడనీళ్ళ తపేలాతో అమ్మ, గోడ ముందు.

“అలికేస్తాను. పోయినవాళ్ళని పిలుస్తారుటే వీధి గుమ్మంలో?”

అడ్డం నిలబడ్డాను. వాడు మళ్ళీ చేతులు దాచుకుంటే నీదే పూచీ అన్నాను. గట్టిగానే అన్నాను.

“మీ నాన్న పోయి ఏడాదే కదే అయింది...” తపేలా కింద పెట్టేసింది. అమ్మది భయం అనుకున్నాను ఇంతసేపూ.

మా ఇద్దరి మధ్య నుంచి గోపీ దూరాడు. పిండి మూకుడు తెచ్చుకున్నాడు. అమ్మ వాణ్ణి చూసి, నెమ్మదిగా —

“ఇందులో తాతెక్కడున్నాడ్రా?”

నియమం తప్పినట్టే. పక్కకి జరిగాను నేను.

గోపీ గోడంతా చూశాడు. “ఇంకా రాలేదు మామ్మా. చోటుంచేను.”

అమ్మ ఆ నీళ్ళు తీసుకెళ్ళి వాకిట్లో చల్లింది.

అక్టోబరు 4

అన్నయ్య కేంపు నుంచి వచ్చాడు. గోడ చూశాడు. గోపీని పిలిచి పలక ఇచ్చాడు. వాడు చేతులు దాచుకోలేదు! తీసుకున్నాడు, తిప్పి చూశాడు, గీత గీయకుండా తిరిగి ఇచ్చేశాడు.

“గురువారం బండికి” అన్నాడు అన్నయ్య.

“అన్నం తనే తింటున్నాడు, చూడు...”

“తినడానికిటే చదువు?”

వదిన గోపీ చొక్కాలు మడతపెడుతోంది. మడతపెట్టినవి విప్పి మళ్ళీ పెడుతోంది.

అక్టోబరు 5

భోజనాల దగ్గర అమ్మ, చారు వడ్డిస్తూ: “గురువారం దక్షిణం వారశూల. విజయనగరం దక్షిణమే కదురా?”

“అయితే శుక్రవారం.”

“శుక్రవారం ఇంట్లోంచి పిల్లాణ్ణి పంపుతావేట్రా? బుధవారపు చారే ఇంకా మింగలేదు, శుక్రవారం అంటున్నాడు!”

“శనివారం.”

“వర్జ్యం చూడాలి.”

“అమ్మా, పోయిన నెల నన్ను కేంపుకి పంపినప్పుడు ఈ వర్జ్యాలన్నీ ఏమయ్యాయి?”

“నువ్వు పిల్లాడివిట్రా?”

నేను తల వంచుకుని తిన్నాను. వదిన వైపు చూస్తే నవ్వొస్తుంది.

అమ్మని తరవాత వంటింట్లో పట్టుకున్నాను. ఎందుకు చేశావు అంటే — “శాస్త్రం చెప్పేనే. నీ బురదతో నాకేటి పని?”

అక్టోబరు 6

గురువారం. బండి కూత వినబడింది, పోయింది. గోపీ ఇంట్లోనే.

కచేరీ నుంచి వస్తూనే అన్నయ్య పంచాంగం అడిగి తన గదిలోకి పట్టుకెళ్ళాడు. విజయదశమి ఇంకా మూడు నాలుగు రోజులే. శనివారం చూసుకుంటాడు, ఆదివారం చూసుకుంటాడు. అమ్మ ఎన్నింటికని అడ్డం చెబుతుంది?

వానకి గోడ కింది వరస జారిపోయింది. అన్నయ్యకు వినబడేలాగే పైడమ్మతో చెప్పాను — రేపు పొద్దున్నే రెండు తట్టల ఎర్రమట్టి.

“రెండేలమ్మా? ఒకటి సాలదా?”

“పక్క గోడ కూడా.”

గదిలో పంచాంగం కాగితాలు తిప్పే చప్పుడు ఆగింది.