సీట్లు మారిన చోటు

మార్చి 4, బుధవారం. సాయంత్రం 7.10

మీటింగు 4.15కి. నేను 4.10కి హాల్లో ఉన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఒక్క పీరియడ్‌కి కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. డెబ్బై రెండేళ్ళ వయసులో ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

హైవే పక్క కాలనీల కమిటీ అది. స్పీడ్ లిమిట్ ఎనభై నుంచి వందకి పెంచాలని లారీల సంఘం అర్జీ పెట్టింది. పెంచకూడదని మా కమిటీ. నా పేపరు మూడు పేజీలు. ఎనభైలో వెళ్ళే కారు ఆగడానికి సుమారు అరవై మీటర్లు కావాలి, వందలో ఎనభై ఐదు. ఆ పాతిక మీటర్లలో ఒక మనిషి నిలబడి ఉంటే? అని అడిగి, కళ్ళజోడు తీసి హాలంతా ఒకసారి చూశాను. క్లాసులో చేసే పనే. చప్పట్లు కొట్టారు. 24న పబ్లిక్ హియరింగులో కూడా మీరే మాట్లాడాలి టీచరుగారూ అన్నారు ప్రెసిడెంటు.

ఇంటికి రాగానే కారు పుస్తకం రాశాను. ఒక చోట కొంచెం సర్దాను.

మార్చి 5, గురువారం. ఉదయం 6.00

సర్దాను అని రాసి ఊరుకోవడం మర్యాద కాదు. ఈ డైరీ ఎవరూ చూడరు. ఇక్కడైనా సరిగా రాయాలి.

కారు పుస్తకం పదకొండేళ్ళ నుంచి రాస్తున్నాను. ఎర్ర అట్ట. బయలుదేరిన టైము, చేరిన టైము, మీటరు రీడింగు, నడిపింది ఎవరు. దారిలో చేతులు మారితే ఎక్కడ, ఎన్నింటికి. ప్రతి ఆదివారం సగటు వేగం కట్టి కోడలికి చూపిస్తాను. ఎనభై దాటితే ఎర్ర సిరాతో సున్నా చుడతాను. సున్నాలన్నీ తనవే. అత్తయ్యా, నన్ను రిటైరయ్యాక కూడా ఫెయిల్ చేస్తున్నారు అని నవ్వుతుంది.

నిన్న బయలుదేరడం ఆలస్యమైంది నా వల్లనే. మూడో పేజీలో ఒక కొట్టివేత ఉందని మళ్ళీ రాస్తూ కూర్చున్నాను. 3.28కి బయలుదేరాం. కోడలు కూడా వచ్చింది, టౌన్లో అంబులెన్సు డ్రైవరు ఉద్యోగానికి కాగితాలు ఇవ్వాలని. తను ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబు వ్యాను నడుపుతుంది. తెల్లవారుజాము నాలుగు నుంచి డ్యూటీ. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయి. పన్నెండో కిలోమీటరు దగ్గర మొదటి పెట్రోలు బంకులో సీట్లు మారాం. బెల్టు పెట్టుకోగానే నిద్రపోయింది.

అప్పటికి 3.40. ఇంకా 52 కిలోమీటర్లు. ఎనభైలో వెళితే 39 నిమిషాలు. నాలుగు నిమిషాలు ఆలస్యం.

30 నిమిషాల్లో వెళ్ళాను. గంటకి 104.

సాయంత్రం పుస్తకంలో ఆ అంకె నా పేరు పక్కన రాయలేకపోయాను. నలభై ఏడో కిలోమీటరు దగ్గర రెండో బంకు ఉంది. అక్కడ మారాం అని రాశాను. అప్పుడు నా వాటా 17 కిలోమీటర్లు, 13 నిమిషాలు, సగటు 78. బంకులో ఆగిన రెండు నిమిషాలు పోను కోడలి వాటా 104. తన పేరుకి అలవాటైన సున్నా చుట్టాను.

ఎవరికి నష్టం? నా పుస్తకం, నా సిరా.

ఇంకొకటి ఉంది. అది రాయను.

మార్చి 11, బుధవారం

మనవరాలు కాలేజీ నుంచి వచ్చింది. ఎకనామిక్స్ మూడో సంవత్సరం. హియరింగులో తనూ మాట్లాడుతుందట. పెంచాలనే వైపు. ఇంట్లోనే ప్రతిపక్షం తయారైంది అన్నాను. ప్రతిపక్షానికి టీ ఇస్తారా మరి అంది.

రెండు మధ్యాహ్నాలు ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడి, రోడ్డు మీద రెండు సుద్దగీతలు చూసుకుంటూ స్టాప్‌వాచ్‌తో 400 బండ్ల వేగం తీసింది. నూటికి ఎనభై ఐదు బండ్లు 98 లోపు పోతున్నాయి. ఎనభై లోపు పోయేవి నూటికి పంతొమ్మిది. నాయనమ్మా, రోడ్డేమో వందకి కట్టారు, బోర్డేమో ఎనభై అంటుంది, అందరూ తప్పు చేసే రూలు రూలెలా అవుతుంది అని అడిగింది. అలాంటి రూలు ఉంటే జనం అబద్ధానికి అలవాటు పడతారట. కెమెరా ముందు తగ్గించి, దాటగానే తొక్కడం. అది భద్రత కాదు, నటన అంది.

క్లాసులో నూటికి ఎనభై మంది కాపీ కొడితే పాస్ మార్కులు మార్చాలా అని అడిగాను. పేపరు తప్పుగా ఉంటే మార్చాలిగా, మీరే ఒకసారి మార్చారు కదా అంది. నిజమే, మార్చాను. మా అబ్బాయి కంచంలోంచి తలెత్తకుండా, ఈ ఇంట్లో అన్నం కూడా స్పీడుగా తినే వీల్లేదు అన్నాడు.

చివర్లో కారు పుస్తకం అడిగింది. పదకొండేళ్ళ డేటా, ఇంత శుభ్రంగా ఎవరి దగ్గరా ఉండదట.

ఇచ్చాను. ఇవ్వకపోతే ఎందుకని అడుగుతుంది.

మార్చి 16, సోమవారం. మధ్యాహ్నం 1.20

నోటీసు వచ్చింది. మార్చి 4, ఇరవై తొమ్మిదో కిలోమీటరు, 3.50, వేగం 107. కారు నా పేరున ఉంది కనుక నాకే వచ్చింది. ఫోటోలో వెనక నంబరు తప్ప ఏమీ కనిపించదు. నడిపింది ఎవరో ఫారంలో రాసి పంపాలి.

కోడలు గుమ్మంలోనే నిలబడి చదివింది. నాకు పది నిమిషాలే నడిపినట్టు గుర్తు అత్తయ్యా, నిద్రమత్తులో ఏ బంకో కూడా తెలీదు, మీ పుస్తకంలో ఉంటుందిగా చూద్దాం అంది.

మనవరాలి బల్ల మీంచి తెచ్చి తనే చూసింది. వేలు పెట్టి చదివింది. నలభై ఏడు. అయితే నేనే అంది.

అప్పుడు చెప్పవచ్చు. స్టవ్ మీద పాలు చూడు అన్నాను.

మార్చి 17, మంగళవారం

ఫారం తనే నింపింది, నా పెన్ను తీసుకుని.

మార్చి 20, శుక్రవారం

అంబులెన్సు ఉద్యోగానికి మూడేళ్ళలో ఒక్క ఓవర్‌స్పీడు కేసు ఉండకూడదు. ఇంటర్వ్యూ 27న. ఈ సంగతి నాకు ఇవాళ తెలిసింది. తనకి మొదటి నుంచీ తెలుసు. తెలిసే సంతకం పెట్టింది.

వాళ్ళకి ఏం చెప్పాలో వంటింట్లో పైకి అనుకుంటోంది. ఆ రోజు డ్యూటీ ఎక్కువైంది సార్. కాదు, సాకులా ఉంది. తప్పు నాదే సార్, మళ్ళీ జరగదు. ఇది బాగుందా అత్తయ్యా అని నన్నే అడిగింది.

రెండోదే బాగుంది అన్నాను.

సాయంత్రం బజారుకి తనతో కారులో వెళ్ళాను. అరవై దాటలేదు. వెనక లారీలన్నీ హారన్లు. చేతులు రెండూ స్టీరింగు మీద, పది క్షణాలకోసారి మీటరు వైపు చూపు. డ్రైవింగు నేర్చుకునే పిల్లలా ఉంది. పన్నెండేళ్ళుగా బండి నడిపే మనిషి.

మార్చి 22, ఆదివారం. ఉదయం 11.40

మనవరాలు పరుగెత్తుకొచ్చింది. అంకెలు కుదరడం లేదట. మీ పుస్తకం ప్రకారం 3.50కి కారు ముప్ఫై ఎనిమిదో కిలోమీటరు దాటి ఉండాలి నాయనమ్మా, నోటీసులో ఇరవై తొమ్మిది దగ్గర ఉంది, తొమ్మిది కిలోమీటర్ల తేడా అంది.

దొరికాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, హాయిగా కూడా అనిపించింది.

కెమెరా తప్పు అంది.

కెమెరా గడియారం తప్పు, గడియారమే తప్పయితే వేగం మాత్రం ఎందుకు నమ్మాలి అంది. పుస్తకంలో 104 ఉన్నా కేసు కెమెరా మాట మీదే నడుస్తుంది, అమ్మ కేసు కొట్టేయించవచ్చు, హియరింగులో కూడా చెబుతాను, తప్పుడు కెమెరాలతో జనాన్ని పట్టుకుంటున్నారని రుజువు అంది. మీ పుస్తకం తప్పయ్యే ఛాన్సు ఉందా అని నన్ను అడగనైనా లేదు. వాళ్ళమ్మని గట్టిగా పట్టుకుంది. కోడలు నా వైపు చూసి, అత్తయ్యా మీ పుస్తకం నన్ను కాపాడింది అని ఏడ్చింది.

నాకు జ్వరంగా ఉందని చెప్పి పడుకున్నాను. థర్మామీటరు పెట్టింది కోడలే. 98.4.

మార్చి 24, మంగళవారం. సాయంత్రం 6.45

హియరింగు అయింది.

నా వంతు మనవరాలి తర్వాత. తను సర్వే చెప్పింది. బాగా చెప్పింది. తర్వాత ఎర్ర అట్ట పుస్తకం పైకెత్తింది. మా నాయనమ్మ లెక్కల టీచరు, లిమిట్ పెంచకూడదనే వైపు మనిషి, పదకొండేళ్ళలో ఇందులో ఒక్క తప్పు అంకె లేదు, కెమెరా సంగతి ఈ పుస్తకమే చెబుతుంది అంది. అధికారి పుస్తకం ఇలా ఇమ్మన్నారు. ఆయన పేజీ తిప్పుతుంటే నేను లేచాను. నా చేతిలో మూడు పేజీల పేపరు ఉంది. చదవలేదు.

కెమెరా సరిగానే ఉంది, పుస్తకం తప్పు అన్నాను. సీట్లు మారింది పన్నెండో కిలోమీటరు దగ్గర. నలభై ఏడు అని రాసింది నేను. నడిపింది నేను. ఇలాంటి మీటింగుకే నాలుగు నిమిషాలు ఆలస్యం అవుతుందని 104లో వెళ్ళాను. నా కోడలు నిద్రపోతోంది.

ఎవరైనా తిడతారనుకున్నాను. తిట్టాలి. లారీల సంఘం కార్యదర్శి లేచి నాకు దణ్ణం పెట్టాడు. ఇంత పద్ధతైన అమ్మగారికే ఎనభై చాలలేదంటే ఇంక మావాళ్ళననేముంది సార్, లిమిట్ తక్కువని దీనికంటే సాక్ష్యం ఏం కావాలి అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత చప్పట్లు. నా పేపరుకి కొట్టిన వాటికంటే ఎక్కువ.

మనవరాలు కొట్టలేదు. తన వైపుకి ఇవాళ దొరికిన అన్నిటికంటే మంచి పాయింటు అది. పుస్తకం తిరిగి తీసుకుని మూసి, అట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

కోడలు మూడో వరసలో ఉంది. నేను అటు చూడలేదు.

చప్పట్ల మధ్య ఇంకొక మాట చెప్పాల్సింది. చెప్పకుండా కూర్చున్నాను.

మార్చి 25, బుధవారం

ఇవాళ పొద్దున్న కోడలు మాట్లాడింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

నాకు పది నిమిషాలే గుర్తుంది అత్తయ్యా అంది. నా గుర్తు కంటే మీ పుస్తకాన్ని నమ్మాను. ఇన్నేళ్ళుగా నా పేరుకి సున్నాలు చుట్టారు, అందుకే ఇది కూడా నాదే అయ్యుంటుందని నమ్మాను. నిద్రలో బండి నడిపానేమో, ఇంక స్టీరింగు ముట్టుకోవచ్చా లేదా అని తొమ్మిది రోజులు నా మీద నాకే భయం. ఫైను సంగతి కాదు, ఉద్యోగం సంగతి కూడా తర్వాత. ఆ భయం ఎలా తిరిగి తీసుకుంటారు?

క్షమించమన్నాను. విన్నానత్తయ్యా అంది. వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 26, గురువారం

ట్రాఫిక్ ఆఫీసు. నడిపింది నేనని కాగితం రాసిచ్చాను. గుమాస్తా చదివి, కుర్చీ చూపించి, గొంతు తగ్గించాడు. ఇంట్లో ఎవరైనా బలవంతం చేశారా అమ్మా అని అడిగాడు. లేదన్నాను. కోడలి ఉద్యోగం కోసం కేసు మీద వేసుకునే అత్తగారు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అని పక్క సీటాయనకి నన్ను చూపించాడు. ఆయన కూడా తల ఊపాడు.

నేను నిజంగానే నడిపాను అని మూడుసార్లు చెప్పాను. అలాగేనమ్మా అలాగే అన్నాడు.

నా లైసెన్సు మూడు నెలలు సస్పెండు. తన రికార్డు మారడానికి పదిహేను పనిదినాలు పడుతుందట.

మార్చి 27, శుక్రవారం

ఇంటర్వ్యూలో రికార్డు మారేదాకా ఆగడం కుదరదన్నారట. మళ్ళీ అక్టోబరులో రమ్మన్నారు.

మార్చి 28, శనివారం. ఉదయం 5.30

రాయనన్నది రాస్తాను.

నలభై ఒకటో కిలోమీటరు రాయి దగ్గర డివైడర్ మధ్య ఒక గ్యాప్ ఉంది. ఆ రోజు అక్కడ ఒక మనిషి సైకిలు నెట్టుకుంటూ దాటబోతున్నాడు. వెనక సీటు మీద తలుపు చెక్క కట్టి ఉంది. వడ్రంగి అయి ఉండాలి. ఒక అడుగు రోడ్డు మీద పెట్టి వెనక్కి తీశాడు. నేను బ్రేకు వేశానా? వేయలేదు. అతన్ని దాటాక అద్దంలో చూశాను. దాటక ముందు చూడలేదు. అద్దంలో అతని టోపీ ఎగిరిపోయింది. అతను దాని కోసం వంగలేదు. అలాగే నిలబడి మా కారు వైపే చూస్తున్నాడు.

అరగంటైనా కాకముందే హాల్లో కళ్ళజోడు తీసి, పాతిక మీటర్లలో ఒక మనిషి నిలబడి ఉంటే అని అడిగాను.

ఎనభై తక్కువో కాదో నాకిప్పుడు తెలియదు. మనవరాలి లెక్కల్లో తప్పులు లేవు. కానీ తన 400లో ఆ మనిషి లేడు. నా మూడు పేజీల్లోనూ లేడు. అక్కడ ఉన్నది పాతిక మీటర్లు మాత్రమే. ఇదంతా హియరింగు అధికారికి ఉత్తరంగా రాశాను. ఒక కొట్టివేత పడింది. మళ్ళీ రాయలేదు, అలాగే పోస్టు చేస్తాను.

ఏప్రిల్ 8, బుధవారం

నలభై ఒకటో రాయి దగ్గర దింపమని కోడలిని అడిగాను. ఎందుకని అడగలేదు. నన్ను దింపి, ముందుకెళ్ళి యూటర్న్ తీసుకుని, అవతలి వైపు కారు ఆపింది. దిగి నిలబడింది. వడ్రంగి కనిపించలేదు.

నేను బండ్ల మధ్య సందు దొరికేదాకా ఆగి, రోడ్డు దాటి తన దగ్గరకి వెళ్ళాను.

ఎంతసేపు పట్టిందో కోడలు చూసింది. కారు పుస్తకంలో తన చేత్తో రాసింది. పదకొండు నిమిషాలు. నేను సరిచూడలేదు.