బియ్యంలో బొత్తాం

చి.ల.సౌ. సుబ్బులమ్మకు దీవెనలు.

ముప్పై ఏళ్ల క్రితం నీ తమ్ముడు మస్తాన్‌రావు మన వసారాలో కూర్చుని, "సర్పంచికి నువ్వే నిలబడు బావా, నేను పోటీకి రాను" అని నా చేతిలో చెయ్యి వేశాడు. నామినేషన్ల ఆఖరి రోజు తనూ వెళ్లి కాగితం పెట్టాడు. పదకొండు ఓట్లతో నన్ను ఓడించాడు. అది మరిచిపొమ్మని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు.

నేను క్షేమం. మాచర్లలో నువ్వూ, మన భవ్యా, దాని పసిబిడ్డా క్షేమమని తలుస్తాను.

చేతులు ఎలా ఉన్నాయని అడిగావు. ఉన్నాయి. కీమో పేగులో గడ్డతో పాటు వేళ్ల కొసల్లో, అరికాళ్లలో స్పర్శను కూడా తీసుకుపోయింది. ఈ ఉత్తరానికి రెండు రోజులు పట్టింది. పెన్నుకు గుడ్డ చుట్టి రాస్తున్నాను. ఇక్కడ నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చందన, బియ్యం గిన్నెలో బొత్తాం దాచి, కళ్లు మూసుకుని వెతకమంటుంది. నిన్న దొరికిందన్నాను. కళ్లు తెరిస్తే పిడికిట్లో బియ్యమే.

"చానా తొందర తాతా నీకు," అంది.

"లైబ్రరీ అంతా చదివినోణ్ణి. నాతో బియ్యం ఏరిస్తావేంది?"

"చదివినోళ్లతోనే కష్టం తాతా. చెప్పింది వినరు."

కోపం కూడా రాలేదు. పుస్తకంలో ఒక పేజీ తిప్పితే మూడు కలిసి తిరుగుతున్నాయి. మధ్యలో ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూడటం లేదు. వేళ్లకు స్పర్శ వస్తుందా అంటే, ఇంకో ఆర్నెల్లు చేసి చూద్దామంది.

తోడుకు మస్తాన్‌రావును పంపనా అన్నావు. తోడు కావాలి, నిజమే. కాలు మెట్టు మీద పడిందో లేదో కళ్లతో చూసుకుంటే గాని తెలియడం లేదు. వాడు మాత్రం వద్దు.

ఎందుకో నీకు చెప్పలేదు. మూడో కీమో అయ్యాక ఆసుపత్రి వరండాలో నా చేతిలోంచి టీ గ్లాసు జారింది. పక్కన వాడే ఉన్నాడు. "తిమ్మిర్లా బావా? డాక్టరుకి చెప్పు. మందు తగ్గిస్తారంట. చెప్పకపోతే నరాలు పోతాయంట," అన్నాడు. అన్నది వాడు కాబట్టి అందులో మోసం ఉందనుకున్నాను. మందు తగ్గించి నన్ను సాగనంపాలని చూస్తున్నాడనుకున్నాను. డాక్టరు ప్రతిసారీ అడిగాడు. తిమ్మిర్లు లేవని ప్రతిసారీ చెప్పాను. అలా ఇంకో తొమ్మిది సార్లు ఎక్కించుకున్నాను.

వాడు చెప్పింది నిజమేనని చందన కూడా అంది. అయినా సరే, నా వేళ్లు పోయినందుకు నేను తప్పుపట్టేది మస్తాన్‌రావునే.

ఇట్లు,
భవ్య నాన్న